డల్లాస్ పోయే చెల్లెకు అన్న రాసేది

చెల్లె, నిన్న ఫోన్‌ల నీ గొంతు వింటేనే తెలిసింది నీకు భయం పట్టుకున్నదని. బిడ్డ కాన్పు అన్న సంతోషం పక్కకు పోయి విమానమే కండ్ల ముంగట తిరుగుతున్నట్టుంది. బావ బత్తాయి తోట ఇడిసిపెట్టి రాలేడు, చిన్నోనికి పరీక్షలున్నయ్, ఒక్కదాన్నే ఎట్ల పోవాలె అని పదిసార్లన్న అన్నవ్. నేను మూడుసార్లు పోయొచ్చిన, అండ్ల రెండుసార్లు ఒక్కణ్నే. ఫోన్‌ల చెప్తే సగం ఈ చెవుల పడి ఆ చెవులకెల్లి పోతది, అందుకే రాస్తున్న. మెల్లగ చదువుకో, తెల్వంది ఉంటే చిన్నోనితోని చదివిచ్చుకో.

మొదటిసారి పోయినప్పుడు నాకు జర గర్వం ఉండె. ఇన్నేండ్లు ఆర్టీసీల కండక్టర్ చేసిన మనిషిని, జాతర రోజు చెర్వుగట్టు బస్సుల నూరు మందిని నిలవెట్టి టికెట్లు కొట్టిన, విమానమంటే గాలిల పోయే బస్సే కదా నాకు తెల్వంది ఏముంటది అనుకున్న. ఆ అనుకున్నదే నన్ను ముంచింది. విమానం ఎక్కినంక మూడు గంటలు ఒంటికి ఉగ్గబట్టుకొని కూసున్న, బాత్రూం ఏడుందని అడగనీకె సిగ్గు. ఆఖరుకు ఆగలేక పోయిన, తలుపు గుంజితే రాలే, మళ్ల గుంజిన రాలే, ఎన్క నిలవడ్డ చిన్న పిలగాడు ముంగటికొచ్చి తలుపు నడిమిట్ల ఇట్ల నెట్టంగనే అది మడతపడి లోపలికి పోయింది. లోపల చూస్తే సన్నటి వెలుతురు, ఏది కుళాయో ఏది ఏందో తెల్వదు, గోడలు తడుముకుంట నిలవడ్డ. గడియ జరిపితేనే లైటు మంచిగ పడ్తదని నాకెవలు చెప్పలే, నేను గడియ పెట్టలే. అప్పుడే ఒక తెల్లామె తలుపు నెట్టింది. ఆమె సారీ అన్నది, నేను సారీ అన్న, ఇద్దరం కలిసి ఇంకోసారి సారీ అన్నం. బయటికొచ్చి మొఖం మీదికి దుప్పటి గుంజుకొని రెండు గంటలు నిద్ర పోయినట్టు పండుకున్న, అన్నం బండి వచ్చినా లేవలే, ఆకలితోని పోయిన.

నువ్వట్ల చెయ్యకు. తలుపు నడిమిట్ల నెట్టాలె, గడియ జరపాలె, లైటు వస్తది. చెంబు ఉండదు మగ్గు ఉండదు, కాయితమే, అందుకని తాగనీకె ఇచ్చిన కాయితం గ్లాసు పారెయ్యకుంట చేతిల పట్టుకపో, కుళాయి నీళ్లు పట్టుకోవచ్చు. మీట ఒత్తితే ఒక్కసారి గుయ్యిమని మనల్నే గుంజుకపోయేటట్టు చప్పుడొస్తది, భయపడకు, అది గాలితోని గుంజే రకం.

ఇగ వీల్‌చైర్ సంగతి. అడుగు అంటే "నాకేమన్న కాళ్లు లేవా" అని కయ్యిమన్నవ్. కాళ్లున్నయ్ గాని అవి ఎసొంటి కాళ్లో నాకు తెల్వదా, చిన్నప్పటిసంది మర్రిగూడ బోరు నీళ్లు తాగిన కాళ్లు, ఫ్లోరైడ్ తిన్న మోకాళ్లు మనయి. పెద్ద ఎయిర్‌పోర్ట్‌లల్ల ఒక గేటు కాడికెల్లి ఇంకో గేటుకు ఎంత నడక ఉంటదో ఇప్పుడు నీకు తెల్వదు, మన సంత ఈ మూలకెల్లి ఆ మూలకు నాలుగుసార్లు తిరిగినట్టు ఉంటది. వీల్‌చైర్‌కు పైసలు తీస్కోరు. టికెట్ తీసినప్పుడే రాపియ్యాలె, మీ బిడ్డకు ఇయ్యాల్నే చెప్పు, ఆఖరు రోజు అడిగితే ఉంటదో ఉండదో. ఇంకో లాభమేందంటే తోసే పిలగాడే లైన్లన్నీ దాటిస్తడు, కాయితాలు చూపిస్తడు, గేటు కాడ కూసోవెడ్తడు. నడిమిట్ల విమానం మారే దోహాల నన్ను తోసినోడు జగిత్యాల దిక్కు పిలగాడు, నేను ఇంగ్లీష్‌ల "వాటర్ వాటర్" అంటుంటే "కాకా నీళ్లా, తెలుగుల్నే అడుగరాదు" అన్నడు, నా పానం లేచొచ్చింది. నీకు గట్లనే దొరకాలని లేదు గాని గల్ఫ్ ఎయిర్‌పోర్ట్‌లల్ల మన తెలుగోళ్లు మస్తుగుంటరు, జర చెవు పెట్టి విను. దోహాల ఒక పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటది, నెత్తిల దీపం గుచ్చుకున్నట్టు, ఎవలనడిగినా చూపిస్తరు. ఎటు పోయినవో సమజ్ కాకుంటే ఆ బొమ్మ కాడికొచ్చి ఆడ డ్రెస్సుల ఉన్నోళ్లకు నీ బోర్డింగ్ పాస్ చూపియ్యి. నోటితోని ఏం అనకున్నా ఏం కాదు, కాయితం చూపిస్తే చాలు.

తారీఖు కాడ మోసపోకు. నీ టికెట్ మీద 14వ తారీఖు తెల్లారగట్ల 3:50 అని ఉన్నదన్నవ్ కదా, అంటే 13వ తారీఖు పొద్దుగూకంగనే నువ్వు ఇంట్లకెల్లి ఎల్లాలె. మా తోటి డ్రైవర్ ఒకాయన 14 రాత్రి అన్నం తిని తీరిపారంగ పోయిండు, ఆయన విమానం ఆ రోజు పొద్దుగాల్నే పోయి ఉన్నది. మూడున్నర నాలుగు గంటలు ముందు శంషాబాద్ల ఉండాలె. మాల్, ఇబ్రహీంపట్నం మీదికెల్లి బొంగ్లూరు కాడ ఔటర్ ఎక్కితే రెండు గంటలల్ల పోతవ్ గాని టైరు పంచరైతదనే లెక్కేసుకొని ఎల్లు. తుఫాన్ బండి నిండ వాడకట్టు మొత్తం ఎక్కి వస్తమంటరు, రానియ్యకు. టికెట్ ఉన్నోళ్లనే లోపలికి పంపుతరు, మిగిలినోళ్లు బయట నిలవడి ఏడుస్తరు, వాళ్లను చూసి నువ్వు ఏడుస్తవ్, బీపీ పెరుగుతది. ఏడుసుడు ఇంటికాడ్నే కానియ్యుండ్రి.

బ్యాగుల సంగతి రాయాలంటే దినమంత వడ్తది. నీకు 23 కిలోల బ్యాగులు రెండు, చేతి బ్యాగు 7 కిలోలు అని మీ బిడ్డ చెప్పిందట, టికెట్ మీద ఇంకోసారి చూడు. 23 అంటే 23, బస్సుల లెక్క "పోనీతియ్ అన్నా" అంటే నడువది, ఒక్క కిలో ఎక్కువున్నా ఆడ్నే బ్యాగు ఇప్పిస్తరు, అందరి ముంగట లుంగీలు లంగలు బయటికి తీసుడు ఎంత నామోషీనో నేను చూసిన. ఎక్కువ పెట్టకుంటే ఆ బాధే లేదు. బ్యాగుకు బతుకమ్మ చీర పీలిక ఒకటి ఎర్రగ కనపడేటట్టు గట్టిగ కట్టు, ఆడ పట్టా మీద వచ్చే బ్యాగులన్నీ నల్లగ ఒక్కతీర్గనే ఉంటయ్. దోహాల బ్యాగుల కోసం ఎతకకు, అవి సక్కగ డల్లాస్ల్నే వస్తయ్.

తినేటియ్యి. సకినాలు, గారెలు, నువ్వుల లడ్డూలు, పల్లీల పొడి, కారం ఇవన్నీ మంచిగనే పోతయ్. మామిడి తొక్కు పెద్ద బ్యాగుల్నే పెట్టు, చేతి బ్యాగుల పెడితే చెకింగ్ కాడ తీసి పారేస్తరు, మీ వదినె పెట్టిన రెండు కిలోల తొక్కు అట్లనే డబ్బాల పడ్డది, ఆమె ఇప్పటికీ అదే అంటది. మిఠాయి దుకాణంల గాలి తీసి ప్యాక్ చేస్తరు, ఆ ప్యాక్‌ను ఇంకో కవర్ల, దాన్ని పాత తువ్వాలల చుట్టు. కుడుకలు పెట్టకు చెల్లె. బాలింతకని నువ్వు కుడుకలు దాసిపెట్టినవని నాకు తెలుసు, ఎండు కొబ్బరికి నూనెంటది, మంట తొందరగ అంటుకుంటది, అందుకని పెద్ద బ్యాగుల వద్దని రూలున్నది. డల్లాస్ల ఇండియా దుకాణాలల్ల కొబ్బరి పొడి దొరుకుతది. బియ్యం వద్దు, పచ్చి కరివేపాకు వద్దు, ఇత్తనాలు వద్దు, కోడి తొక్కు మటన్ తొక్కు అస్సలే వద్దు, అమెరికాల దిగినంక పట్టుకుంటరు.

పట్టుకునుడు ఎట్లుంటదో చెప్త. రెండోసారి పోయినప్పుడు మీ తోటయే రెండు బత్తాయిలు, తొవ్వల గొంతెండితే తినొచ్చని చేతి సంచిల ఏసుకున్న, తినలే, మర్చిపోయిన. డల్లాస్ల బ్యాగుల పట్టా కాడ నిలవడితే ఒక చిన్న కుక్క, చెవులు కిందికి యాలాడేసుకొని మెడకు పట్టీ కట్టుకొని, వాసన చూసుకుంట వచ్చి నా సంచి కాడ ముడుచుకొని కూసున్నది. మొరగలే, కరవలే, ఊకె నా మొఖం దిక్కు చూస్తున్నది, ఇగ నువ్వే చెప్పు అన్నట్టు. పోలీసామె వచ్చి ఏదో అడిగింది. నేను దాసిపెట్టకుంట రెండూ తీసి చేతిల పెట్టిన, "ఫ్రూట్, మై సిస్టర్" అన్న. ఆమె నవ్వి తీస్కున్నది, రెండు మాటలు గట్టిగ చెప్పి ఇడిసిపెట్టింది. మా అల్లుడు తర్వాత చెప్పిండు, తినేటియ్యి ఉండి లేవని అబద్ధం చెప్తే జుర్మానా 10,000 డాలర్ల దాక పోవచ్చట. అందుకని ఫుడ్ ఉన్నదా అని అడిగితే "యెస్" అను. ఉన్నదని చెప్పి చూపిస్తే తప్పు కాదు, పనికిరానిది తీస్కుంటరు అంతే, బాధ లేదు. బత్తాయిలు పోయినందుకు నాకు బాధైంది గాని, బావకు చెప్పకు.

మందులన్నీ చేతి బ్యాగుల్నే పెట్టు. పెద్ద బ్యాగు ఒకరోజు లేటొస్తే బీపీ గోళీలకు ఏడ పోతవ్, ఆడ డాక్టర్ చీటీ లేంది ఇయ్యరు. ఎన్ని నెలలుంటవో అన్ని నెలలయి, పట్టీలు కత్తిరియ్యకుంట, డాక్టర్ రాసిన చీటీతోని. చీటీల కంపెనీ పేరు కాదు అసలు మందు పేరు రాపియ్యి. షుగర్ గోళీ ఏ టైముకు ఏసుకోవాలెనో ముందే డాక్టర్‌ను అడుగు, ఎందుకంటే డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు ఎన్కకు ఉంటది, చలికాలమైతే పదకొండున్నర, పొద్దు తలకిందులైతది. మన లెక్కల్నే ఏసుకుంట పోతే ఆడ అన్నం టైము, గోళీ టైము కలవయ్. ఇన్సులిన్ వాడేటోళ్లైతే పెద్ద బ్యాగుల పెట్టొద్దు, విమానం కింద చలికి గడ్డ కడితే పనికిరాకుంట పోతది. నీళ్ల సీసా చెకింగ్ కాడ ఖాళీ చేపిస్తరు, సీసా పారెయ్యకు, లోపలికి పోయినంక నింపుకో. ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టే పవర్ బ్యాంక్ కూడ చేతి బ్యాగుల్నే, పెద్ద బ్యాగుల పెడితే బయటికి తీపిస్తరు.

తిండి సంగతి మీ బిడ్డతోని ఒక ముచ్చట చెప్పు. నీకు శనివారం, సోమవారం ఉపాసాలు, మాంసం ముట్టవ్. టికెట్ల "హిందూ మీల్" అని పెడితే అది మనోళ్ల శాకారం అనుకుంటం, కాదు, అండ్ల కోడి మటన్ రావొచ్చు, బీఫ్ ఉండదు అంతే. "ఏషియన్ వెజిటేరియన్" అని పెట్టాలె, అదీ ఎల్లే రోజుకు ముందే. అయినా ఆ అన్నం నీకు నచ్చదు, చేతి సంచిల రెండు జొన్న రొట్టెలు, పల్లీల పొడి పెట్టుకో, దిగేముందు అయిపోగొట్టు.

దోహా దాక నాలుగు గంటల పైన, ఆడికెల్లి డల్లాస్ దగ్గర దగ్గర 16 గంటలు, ఒక్క సీట్ల. నడిమిట్ల తొవ్వ పక్కన సీటు అడుగు, కిటికీ సీటు ఫొటోలకే బాగుంటది, లేవాలంటే ఇద్దరిని లేపాలె, నువ్వు మొహమాటానికి లేవవ్, లేవాల్సొస్తదని నీళ్లు తాగవ్. గదే చెయ్యొద్దు. కాళ్లు కదలక కూసుంటే పిక్కలల్ల రక్తం గడ్డ కట్టొచ్చట, లోపల గాలి పొడిగుంటది, ఒళ్లు ఎండిపోతది. రెండు గంటలకోపాలి లేచి ఎన్కదాక నడిచి రా, కూసున్నకాడ మడిమెలు కిందికి మీదికి ఆడియ్యి, నాట్లేసొచ్చి కాళ్లు సాపుకున్నప్పుడు చేసినట్టు. చెవులు మూసుకపోతే చాక్లెట్ చప్పరియ్యి, గుటక మింగు. స్వెటర్ తప్పకుంట పెట్టుకో, దుప్పటి పలుచగుంటది.

డల్లాస్ల దిగినంక ఆఫీసర్ కాడ భయపడకు. ఎందుకొచ్చినవ్, ఎవల ఇంటికి, ఎన్ని రోజులు, ఇవే అడుగుతడు. బిడ్డను, పుట్టే మనవణ్ని చూడనీకె, మూడు నెలలు, తిరుగు టికెట్ ఉన్నది, అంతే. అడగని ముచ్చట్లు చెప్పకు. ఇంగ్లీష్ రాకుంటే "తెలుగు" అను, ఫోన్‌ల తెలుగు చెప్పేటోళ్లను పట్టిస్తరు. ఇంకోటి, వీసా పదేండ్లదని పదేండ్లు ఉండొచ్చని కాదు, ఆయన ఎన్ని రోజులిస్తే అన్నే, మామూలుగ ఆర్నెల్లిస్తరు, ఎన్ని రోజులిచ్చిండో ఐ-94 అని ఆన్‌లైన్ల ఉంటది, అల్లుణ్ని చూడమను. బిడ్డ ఇంటి అడ్రస్, ఇద్దరి ఫోన్ నంబర్లు కాయితం మీద రాసి పాస్‌పోర్ట్ సంచిల పెట్టు. ఫోన్‌ల ఉన్నయ్ కదా అంటవ్, ఛార్జింగ్ అయిపోతే ఏం చేస్తవ్. ఇన్సూరెన్స్ తప్పకుంట తీపియ్యి, ఆడ దవఖానకు ఒక్కసారి పోతే బిల్లు మన ఎకరం రేటుంటది.

ఆడ పోయినంక వారం దాక రాత్రి రెండింటికే తెలివైతది, లేచి పోపు పెట్టకు. ఎండుమిరపకాయలు ఏగితే ఇంట్ల పొగ గంట మోగుతది, నేను పెడితే మా కోడలు ఉరికొచ్చి కుర్చీ ఎక్కి తువ్వాలతోని ఇసిరింది.

బావకు ఫోన్‌ల వీడియో కాల్ నేర్పిచ్చుడు నా జిమ్మ. ఆదివారం పొద్దుగాల బస్సుకొస్త, బ్యాగులు తూచే చేతి కాంటా నా కాడ ఉన్నది, తెస్త. అప్పటిదాక తాళాలు వెయ్యకు, కుడుకలు మాత్రం బయటికి తీసిపెట్టు, మీ వదినె లడ్డూలకు అడుగుతున్నది.