కమలా తొక్కల పొడి తాగితే కొలెస్ట్రాల్ తగ్గుతుందా?

మీ నాన్నగారు కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర మానేసి రోజూ కమలా తొక్కల పొడి నీళ్లలో కలుపుకుని తాగుతానంటున్నారని రాశారు. దయచేసి మాత్ర మాన్పించకండి. పొడిలో పస లేదని కాదు, ఆ మాత్ర చేసే పని అది చేయలేదు.

మా అమ్మకు మొలలకని డాక్టరు రాసిన మాత్రలు పూర్ణా మార్కెట్ దగ్గర కొన్నాను. అట్ట వెనుక చిన్న అక్షరాలతో డయోస్మిన్ 450, హెస్పెరిడిన్ 50 మిల్లీగ్రాములు అని ఉంది. ఈ హెస్పెరిడిన్ కమలా, బత్తాయి తొక్కల్లో, ముఖ్యంగా లోపలి తెల్లటి పొరలో ఉంటుంది. 1828లోనే ఫ్రాన్సులో లెబ్రెటన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని వేరుచేశారు. డయోస్మిన్‌ను కూడా ఎక్కువగా దాని నుంచే తయారుచేస్తారు. కాబట్టి తొక్కలో మందు ఉందన్న మాట అబద్ధం కాదు. కానీ మాత్రలో ఉన్నది శుద్ధిచేసి, కొలిచి పెట్టిన మోతాదు. ఇంటి పొడిలో అది ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? పైగా ఆ మాత్ర మొలల్లాంటి సిరల జబ్బుకు ఇచ్చేది, కొలెస్ట్రాల్‌కు కాదు.

కొలెస్ట్రాల్ సంగతికొస్తే, తెల్లటి పొరలోని పెక్టిన్ అనే పీచు చెడు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది. అందుకు రోజూ కొన్ని గ్రాముల పెక్టిన్ కావాలి, చిటికెడు పొడి చాలదు. తొక్కలోని నోబిలెటిన్ అనే పదార్థం మీద ఆశలు పుట్టించిన ఫలితాలు ఎక్కువగా ఎలుకల్లో వచ్చినవే.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పంపరపనసలో, గ్రేప్‌ఫ్రూట్‌లో ఉండే ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు పేగులో మందును విరగగొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. అప్పుడు అటోర్వాస్టాటిన్ రక్తంలో ఎక్కువగా చేరి కండరాల నొప్పులు రావచ్చు. ఆ పండ్లు, వాటి తొక్కలు డాక్టరును అడగకుండా ఇవ్వకండి.

మా ఇంట్లో తొక్కను తిండిగానే తింటాం. ఎంవీపీ కాలనీ రైతుబజారులో మైనపు మెరుపు లేని పండ్లు ఏరి, గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడుగుతాం. కమలా తొనల మీది తెల్లటి నారను ఒలిచి పారేయం. దబ్బకాయ ఊరగాయ తొక్కతోనే పెడతాం. మీ నాన్నగారికి బీపీ ఉంటే ఊరగాయలో ఉప్పు చూసుకోండి. ఆయనకు తొక్కల పొడి మీద అంత ఇష్టం ఉంటే డాక్టరుకు చెప్పి, మాత్ర వేసుకుంటూనే, పచ్చడిలోనో చారులోనో కొద్దిగా వేసుకోమనండి.