పైల్ లోడ్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సివిల్ పూర్తి చేశాడు. వంతెనల పునాదులకు లోడ్ టెస్టులు చేసే సంస్థలో ఉద్యోగం వచ్చింది. రాత్రంతా సైట్‌లో కూర్చుని రీడింగులు రాయడమే పని అంటున్నారు. ఇందులో భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: చేరమనే నా సలహా. మీరు విన్నది నిజమే గానీ, ఆ రీడింగులు దేనికో కూడా తెలుసుకోవాలి.

పైల్ అంటే కట్టడం బరువు మోసేందుకు నేలలోకి దింపే పునాది స్తంభం. నేలలో పాతుకుపోయిన పైల్ ఎంత బరువు మోయగలదో పైనుంచి చూసి చెప్పలేము కాబట్టి, మోయించి చూడవలసిందే. పైల్ పునాదులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రకారం, కట్టడంలో వాడే పైల్ మీద చేసే రొటీన్ టెస్టులో డిజైన్ లోడ్‌కు (పైల్ మోయాలని లెక్కగట్టిన బరువుకు) 1.5 రెట్లు, పరీక్ష కోసమే వేసిన పైల్ మీద చేసే ఇనీషియల్ టెస్టులో 2.5 రెట్లు బరువు పెడతారు. డిజైన్ లోడ్ 400 టన్నులనుకుంటే ఇనీషియల్ టెస్టుకు 1000 టన్నులు కావాలి; హైడ్రాలిక్ జాక్ అంత బలంతో పైకి తన్నినా కదలకుండా ఉండేందుకు, పైన పేర్చే కాంక్రీటు దిమ్మెలు, ఇసుక బస్తాల బరువు మరో 25 శాతం ఎక్కువగా, అంటే 1250 టన్నులు ఉండాలి. అంచెలంచెలుగా లోడ్ పెంచుతూ డయల్ గేజ్‌లలో కుంగుదల చూస్తారు. చివరి లోడ్‌ను 24 గంటలు అలాగే ఉంచుతారు. రాత్రి డ్యూటీ అందుకే. పేర్చిన దిమ్మెలు ఒరిగితే ప్రాణాపాయం కనుక, సంస్థ భద్రత విషయంలో ఎంత పట్టుదలగా ఉంటుందో ముందే విచారించండి.

నది మధ్యలో అంత బరువు పేర్చడం చాలా కష్టం. అక్కడ పైల్‌లోనే జాక్ అమర్చి పై భాగాన్ని పైకి, కింది భాగాన్ని కిందికి నెట్టే ఆస్టర్‌బర్గ్ సెల్ పద్ధతి, పైల్ తలపై భారీ దిమ్మెను జారవిడిచి స్ట్రెయిన్ (దెబ్బకు పైల్‌లో వచ్చే సాగుదల, నొక్కుదల), త్వరణం కొలిచే డైనమిక్ టెస్టు ఉపయోగపడతాయి. వీటిలో కొలవడం కంటే కొలతలను విశ్లేషించడమే కష్టం. అనుభవానికి విలువ వచ్చేదీ అక్కడే. అందుకే అబ్బాయి మొదటి నెల నుంచే లోడ్–కుంగుదల గ్రాఫ్‌ను తానే గీసి, బోర్‌లాగ్‌తో (బోరు వేసి చూసిన నేల పొరల వివరాలతో) పోల్చుకోవడం అలవాటు చేసుకోవాలి. పైల్ విఫలమైతే నష్టపోయే కాంట్రాక్టరు నుంచి రీడింగు కాస్త సర్దమనే ఒత్తిడి రావచ్చు. ఒక్కసారి లొంగినా ఈ వృత్తిలో పేరు పోతుంది.

రెండేళ్ల తర్వాత గేట్ రాసి, వరంగల్ నిట్‌లోనో హైదరాబాద్ ఐఐటీలోనో జియోటెక్నికల్ (నేల, పునాదుల ఇంజనీరింగ్) ఎంటెక్ చేస్తే, సైట్‌లో చూసినదానికి సిద్ధాంతం తోడవుతుంది. చేరేముందు మాత్రం, టెస్టు రిపోర్టుల తయారీలో కొత్త ఇంజనీర్లకు చోటిస్తారా అని సంస్థను అడగమనండి. లేదని చెబితే, ఏడాదికి మించి అక్కడ ఉండనక్కరలేదు.