టెక్ సందేహాలు: పాడ్ రన్నింగే, సర్వీస్ మాత్రం పలకట్లేదు

ప్రశ్న: కుబెర్నెటీస్‌లో (కంటైనర్లలో పెట్టిన యాప్‌లని చాలా మెషీన్ల మీద నడిపే సాఫ్ట్‌వేర్) నా యాప్ డిప్లాయ్ చేశాను. పాడ్ (యాప్ కంటైనర్ నడిచే యూనిట్) రన్నింగ్ అనే చూపిస్తోంది, సర్వీస్ (పాడ్లకి ముందుండే స్థిరమైన అడ్రస్) కూడా క్రియేట్ చేశాను, కానీ వేరే పాడ్ నుంచి సర్వీస్ ఐపీకి కర్ల్ కమాండ్‌తో రిక్వెస్ట్ కొడితే కనెక్షన్ రెఫ్యూజ్డ్ వస్తోంది, పింగ్ కూడా వెళ్లట్లేదు. విచిత్రం ఏంటంటే నా కంప్యూటర్ నుంచి పాడ్‌కి పోర్ట్ ఫార్వర్డ్ చేస్తే బాగానే ఓపెన్ అవుతోంది. క్లస్టర్ నెట్‌వర్క్‌లో ప్రాబ్లమా?

జవాబు: ముందు పింగ్ సంగతి వదిలేయండి. సర్వీస్‌కి వచ్చే క్లస్టర్ ఐపీ ఏ మెషీన్‌కీ చెందిన అడ్రస్ కాదు, ప్రతి నోడ్‌లోనూ (క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్) క్యూబ్ ప్రాక్సీ అనే ప్రోగ్రామ్ కొన్ని రూల్స్ రాసిపెడుతుంది, ఫలానా ఐపీ ఫలానా పోర్టుకి ఏదైనా వస్తే దాన్ని ఫలానా పాడ్లలో ఒకదానికి మళ్లించు అని, అంతే. ఆ రూల్స్‌ని లినక్స్ ఐపీటేబుల్స్‌తో రాసే మోడ్‌లో అయితే ఆ ఐపీ పింగ్‌కి పలక్కపోవడం మామూలే. దాన్ని చూసి నెట్‌వర్క్ పోయింది అనుకుని నోడ్లు రీస్టార్ట్ చేసేవాళ్లు బోలెడుమంది, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

అసలు చూడాల్సింది సర్వీస్ వెనకాల ఎవరైనా ఉన్నారా లేదా అనేది. 'క్యూబ్‌సీటీఎల్ గెట్ ఎండ్‌పాయింట్‌స్లైసెస్' అనే కమాండ్ కొట్టి మీ సర్వీస్ పేరుతో మొదలయ్యే లైన్ చూడండి. అక్కడ పాడ్ ఐపీలు ఏమీ లేకపోతే సర్వీస్ సెలెక్టర్‌లో (ఏ పాడ్లు తనవో చెప్పే చోట) రాసిన లేబుల్‌కీ పాడ్ మీద ఉన్న లేబుల్‌కీ పొంతన లేదన్నమాట. ఒక్క అక్షరం తేడా ఉన్నా చాలు, కుబెర్నెటీస్ ఎర్రర్ కూడా ఇవ్వదు, ఎందుకంటే దాని దృష్టిలో సున్నా పాడ్లు ఉన్న సర్వీస్ కూడా సరైన సర్వీసే! లేబుల్స్ సరిపోయి, పాడ్ రన్నింగ్‌లో ఉండి, పక్కన రెడీ కాలమ్‌లో 0/1 అని ఉంటే మాత్రం రెడీనెస్ ప్రోబ్ (యాప్ రిక్వెస్ట్‌లకి సిద్ధంగా ఉందా అని చూసే పరీక్ష) ఫెయిల్ అవుతోంది, అలాంటి పాడ్‌కి సర్వీస్ మామూలుగా ట్రాఫిక్ పంపదు. రన్నింగ్ వేరు, రెడీ వేరు.

మీ కేసులో నాకు గట్టి అనుమానం ఇంకోచోట ఉంది. పోర్ట్ ఫార్వర్డ్‌లో వస్తోంది అన్నారు కదా, అది సర్వీస్ రూల్స్ గుండా వెళ్లదు, నేరుగా పాడ్ లోపలి లోకల్‌హోస్ట్‌కి కనెక్ట్ అవుతుంది (కమాండ్‌లో సర్వీస్ పేరు ఇచ్చినా సరే, అది అందులోంచి ఒక పాడ్‌ని ఎంచుకుంటుంది అంతే). అంటే మీ యాప్ 127.0.0.1 (అదే లోకల్‌హోస్ట్) మీద మాత్రమే వింటున్నా అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పాడ్ ఐపీకి వచ్చేవాళ్లకి మాత్రం రెఫ్యూజ్డ్ వస్తుంది. చాలా ఫ్రేమ్‌వర్క్‌ల డెవలప్‌మెంట్ సర్వర్లు డీఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్‌కే బైండ్ అవుతాయి, దాన్ని 0.0.0.0 కి (అన్ని అడ్రస్‌ల మీదా వినేలా) మార్చి ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేసి చూడండి.

అదీ కాకపోతే టార్గెట్ పోర్ట్ చూడండి. సర్వీస్‌లో పోర్ట్ అంటే మిగతావాళ్లు కొట్టేది, టార్గెట్ పోర్ట్ అంటే కంటైనర్‌లో యాప్ నిజంగా వినేది, రెండోది రాయకపోతే మొదటిదే వాడేస్తుంది, మీరు 80 రాసి యాప్ 8080 లో ఉంటే ఇక పలికేదెవరు? ఇంకోటి, పాడ్ స్పెక్‌లో రాసే కంటైనర్ పోర్ట్ దాదాపు సమాచారం కోసమే, అది రాసినంత మాత్రాన పోర్ట్ తెరుచుకోదు, రాయనంత మాత్రాన మూసుకోదు.

ప్రశ్న: సొంత సర్వర్ల మీద క్లస్టర్ వేశాం. బయటివాళ్లు రావడానికి సర్వీస్ టైప్ లోడ్ బ్యాలెన్సర్ పెడితే ఎక్స్‌టర్నల్ ఐపీ దగ్గర ఎంతసేపు చూసినా పెండింగే.

జవాబు: ఎన్ని రోజులు చూసినా పెండింగే ఉంటుంది. ఆ ఐపీ ఇచ్చేది కుబెర్నెటీస్ కాదు, వెనకున్న క్లౌడ్. మీ వెనక క్లౌడ్ లేదు కదా! మెటల్ ఎల్‌బీ లాంటిది ఇన్‌స్టాల్ చేసి మీ నెట్‌వర్క్‌లో వాడని ఐపీ రేంజ్ ఒకటి దానికి అప్పగిస్తే అది పంచిపెడుతుంది. లేదంటే నోడ్ పోర్ట్ ఉంది, డీఫాల్ట్‌గా 30000 నుంచి 32767 మధ్యలో ఒక పోర్ట్ అన్ని నోడ్ల మీదా తెరుచుకుంటుంది, టెస్టింగ్‌కి ఓకే, కానీ జనానికి అడ్రస్ చివర 31542 అని ఇచ్చి గుర్తుపెట్టుకోమంటే బాగోదు. అసలు నన్నడిగితే వెబ్ యాప్‌లన్నిటికీ తలా ఒక లోడ్ బ్యాలెన్సర్ పెట్టడమే అనవసరం, క్లౌడ్‌లో అయితే మామూలుగా ఒక్కోదానికీ విడిగా బిల్లు పడుతుంది. ముందు ఒక్కటి పెట్టి, దాని వెనక డొమైన్ పేరుని బట్టి, పాత్‌ని బట్టి పంపించే ఏర్పాటు చేసుకోండి, లోపలి సర్వీసులన్నీ మామూలు క్లస్టర్ ఐపీగానే ఉంచేయండి.

ప్రశ్న: డొమైన్‌ని, పాత్‌ని బట్టి పంపించే ఆ ఏర్పాటుకి ఇంగ్రెస్ నేర్చుకోవాలా, గేట్‌వే ఏపీఐ నేర్చుకోవాలా?

జవాబు: కొత్తగా మొదలుపెడుతుంటే గేట్‌వే ఏపీఐ. 2023 అక్టోబర్‌లోనే 1.0 వచ్చింది. ఇంగ్రెస్ ఏపీఐని తీసెయ్యలేదు గానీ అందులో కొత్త ఫీచర్లు ఇక రావు, పైగా ఇంగ్రెస్ రూల్స్‌ని అమలు చేయడానికి చాలామంది వాడే ఇంగ్రెస్ ఎన్‌జిన్‌ఎక్స్ కంట్రోలర్‌కి మెయింటెనెన్స్ 2026 మార్చి వరకే అని 2025 నవంబర్‌లో ప్రకటించారు. పాత క్లస్టర్‌లో అదే నడుస్తుంటే వెంటనే ఆగిపోదు, కానీ సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని సాఫ్ట్‌వేర్‌ని ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబెట్టడం నాకైతే ఇష్టం ఉండదు.

ప్రశ్న: ఒక నేమ్‌స్పేస్‌లోని (క్లస్టర్‌లో విడిగా పేరు పెట్టిన భాగం) యాప్ ఇంకో నేమ్‌స్పేస్‌లోని సర్వీస్‌ని పేరుతో పిలిస్తే దొరకట్లేదు.

జవాబు: ఉత్త పేరు సొంత నేమ్‌స్పేస్‌లోనే పనిచేస్తుంది. సర్వీస్ పేరు తర్వాత చుక్క పెట్టి ఆ నేమ్‌స్పేస్ పేరు రాయండి, దొరుకుతుంది. పేరు దొరికాక కూడా కనెక్ట్ అవ్వకుండా టైమ్ అవుట్ అవుతుంటే ఎవరైనా నెట్‌వర్క్ పాలసీ (ఏ పాడ్ ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే రూల్) పెట్టారేమో అడగండి.