గండికోట దారిలో ఆగిన కారు: ఇంజిన్ ఖర్చు బీమా కంపెనీ ఇవ్వదా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి. ఉపాధ్యాయుడిని. గండికోట లోయ చూడాలని అమ్మ ఎన్నాళ్లుగానో అడుగుతుంటే గత డిసెంబరులో సొంత కారులో అందరం బయలుదేరాం. వాయుగుండం పట్టుకుంది. జమ్మలమడుగు దగ్గర రోడ్డెక్కిన వాగు నీళ్లలో కారు ఆగిపోయింది. పిల్లల ఏడుపులు, అమ్మకు జ్వరం, రాత్రంతా నరకం. లోయ చూడకుండానే తిరిగి వచ్చాం. జీరో డెప్ పాలసీ ఉంది. క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టి ఖాళీగానే షెడ్డు వాళ్లకు ఇచ్చాను. ‘నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టం’ అంటూ ఇంజిన్ మరమ్మతు రూ.1,86,000 ఇవ్వబోమని ఫిబ్రవరిలో కంపెనీ లేఖ పంపింది. ఎనిమిది నెలలుగా కాల్ సెంటర్‌కు ఫోన్లు చేస్తున్నాను. కారు బొబ్బిలిలో ఇంటి ముందు ఉండగా మునిగిందని కొత్తగా రాసిస్తే డబ్బు వస్తుందని షెడ్డులో ఒకరు చెబుతున్నారు. రాయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో వాన ఉంది, జ్వరం ఉంది, చూడలేకపోయిన లోయ ఉంది. కేసును తేల్చే వాక్యం మాత్రం లేదు. నీళ్లలో ఆగిపోయిన ఇంజిన్‌ను మీరు మళ్లీ స్టార్ట్ చేయబోయారా, లేదా?

జీరో డెప్‌ను నమ్ముకోకండి. మార్చిన భాగాల ధరలో తరుగుదల కోత లేకుండా ఇవ్వడమే దాని పని. ఇంజిన్‌లోకి నీళ్లు చేరితే ఆదుకునేది ఇంజిన్ ప్రొటెక్షన్ అనే వేరే కవర్. మీరు జతచేసిన పాలసీ షెడ్యూలులో అది లేదు.

అంతమాత్రాన కంపెనీ మాటే చివరి మాట కాదు. సొంత వాహన నష్టం కింద వరద, తుపాను, ముంపు పాలసీలోనే పేర్కొన్న ప్రమాదాలు. గాలిని నొక్కగలిగే పిస్టన్ నీటిని నొక్కలేదు, అందుకే పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నడుస్తున్న బండిలోకి నీళ్లు ఎగదన్నినా వంగుతుంది, ఆగిన బండికి సెల్ఫ్ కొట్టినా వంగుతుంది. మొదటిది వరద చేసిన నష్టమని వాదించడానికి బలమైన ఆధారం ఉంటుంది. రెండోది మీరు చేతులారా చేసుకున్నదని కంపెనీ అంటుంది. రాడ్డు వంగి ఉన్నంత మాత్రాన ఈ రెండింటిలో ఏది జరిగిందో తేలదు. ఫలానా నష్టానికి డబ్బు ఇవ్వబోమనే పాలసీ మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయవలసిన భారం కంపెనీదే. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ నివేదిక తుది మాట కాదని సుప్రీంకోర్టు 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. ఆ నివేదిక ప్రతిని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ‘నీళ్లలో స్టార్ట్ చేశారు’ అన్న మాట సర్వేయర్‌కు ఎక్కడ దొరికిందో అందులో చూడాలి.

నా అనుమానం మీ క్లెయిమ్ ఫారం మీదే. సంతకం చేసి ఖాళీ కాగితం ఇస్తారా? పరీక్షలో మీ విద్యార్థి పేరు మాత్రం రాసి, జవాబులు పక్కవాడిని నింపమంటే మీరు ఊరుకుంటారా? షెడ్డులో ఎవరో రాసిన ఒక్క ముక్క ఇప్పుడు మీ వాంగ్మూలమై కూర్చుంది. దాన్ని ఎదుర్కోవాలంటే అంతకంటే ముందు పుట్టిన కాగితాలు కావాలి: బండిని లాగిన వాహనం రసీదు, షెడ్డులో మొదట రాసిన జాబ్ కార్డు, ఆ రాత్రి సహాయ కేంద్రానికి మీరు చేసిన ఫోను వివరాలు. ఆ కాల్ రికార్డింగును భద్రపరచమని కంపెనీకి ఈరోజే రాయండి. ఫొటోలు తీసిన ఫోనును మార్చకండి, అమ్మకండి. వాటిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి. అక్కడ పోలీసులు అడ్డం పెట్టి ఉంటే, దాన్ని దాటి వెళ్లారా అన్నది కూడా మీ న్యాయవాదికి నిజం చెప్పండి. సెల్ఫ్ కొట్టి ఉంటే అదీ చెప్పండి. కొట్టలేదని అఫిడవిట్ వేశాక బయటపడితే కాపాడేవారు ఉండరు.

ఇక ఆ షెడ్డు సలహా. వద్దు. జాతీయ రహదారి టోల్ గేట్లన్నింటిలో మీ ఫాస్టాగ్ నమోదై ఉంది. లాగిన రసీదు జమ్మలమడుగుది. మీ మొదటి ఫోనులో చెప్పిన ఊరూ అదే. తప్పుడు వివరం ఇస్తే ఇప్పుడున్న నిజమైన క్లెయిమ్ కూడా పోతుంది, పైగా భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు మెడకు చుట్టుకుంటుంది. ప్రభుత్వ ఉద్యోగులైతే ఆ పైన శాఖాపరమైన చర్య. సలహా ఇచ్చిన పెద్దమనిషి ఆ రోజు కనిపించడు.

గడువు సంగతి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్. తిరస్కరణ లేఖ తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. కాల్ సెంటర్‌కు ఎన్ని ఫోన్లు చేసినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. పాలసీ షరతుల్లో మరో ముల్లు ఉంటుంది: తిరస్కరించిన 12 నెలల్లో దావా వేయకపోతే క్లెయిమ్ వదులుకున్నట్టేనని. ఆ షరతు చెల్లుతుందా అని వాదించవచ్చు, కానీ ఆ వాదన అవసరమే రానివ్వకండి. మీకు ఫిబ్రవరి వరకే సమయం ఉందనుకోండి.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు పరిష్కరించే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు. అయితే స్టార్ట్ చేశారా లేదా అన్న ఇలాంటి వివాదానికి అఫిడవిట్లు, నిపుణుడి అభిప్రాయం అవసరం. అందుకే నేనైతే నేరుగా విజయనగరం జిల్లా కమిషన్‌కే వెళ్తాను. మీరు ఈ జిల్లావాసి కాబట్టి కడప తిరగనక్కరలేదు. చెల్లించిన ప్రీమియం అయిదు లక్షల లోపే గనుక రుసుమూ లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రెండు చోట్లా ఒకేసారి వేయకండి.

కానీ ముందు షెడ్డుకు వెళ్లండి. మార్చేసిన రాడ్డు, పిస్టన్లు ఇంకా తుక్కులో మిగిలి ఉంటే రసీదు రాయించుకుని తెచ్చుకోండి. నిపుణుడికి చూపించడానికి అవి కావాలి.