ఆ మాట రాయడానికి సిగ్గెందుకు?

నెల్లూరు, మూలాపేట

చిరంజీవికి ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన హ్యూ హాంప్టన్ యంగ్ మీది వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, కాదనను. కానీ అబ్బాయ్, అమెరికాలో యూరాలజీకి, అంటే మూత్రవ్యాధుల వైద్యానికి, ఆద్యుడని పేరు పడ్డ సర్జన్ గురించి రాస్తూ, మొదటి పేజీ అంతటా ‘మూత్రం’ అన్న మాటే లేదేం?

మా నాయన మూడేళ్లు ఆ బాధ పడ్డాడు. ఒంటేలుకని రాత్రికి ఆరేడుసార్లు లేచేవాడు. అమ్మకు కూడా చెప్పలేదు. ఒక రాత్రి పూర్తిగా ఆగిపోతే కారు మాట్లాడుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. గొట్టం వేశాక సంచీ నిండుతుంటే ఆయన ముఖం తేటపడటం ఇప్పటికీ కళ్ల ముందుంది. వరండాలో చుట్టాలు అడిగితే మాత్రం ‘కడుపునొప్పి’ అన్నాం. నీ వ్యాసం చుట్టాలకు మేం చెప్పిన ఆ జవాబులా ఉంది.

‘డైమండ్ జిమ్’ బ్రాడీని ‘దాత’ అని ఒక్క మాటతో వదిలేశావు. రైల్వే సామాను అమ్మి గడించిన మనిషి, పేరుమోసిన తిండిపోతు, పైగా షుగరు. మా నాయనలాగే మూత్రం అడ్డుపడే బాధ. కోత పెట్టడానికి వేరే డాక్టర్లు జంకారు. 1912లో యంగ్ తను రూపొందించిన పరికరాన్ని మూత్రనాళంలోంచే పంపి అడ్డు తొలగించాడు. ఆ సుఖమేమిటో నువ్వు రాస్తే, 1915లో యంగ్ పనిచేసిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో బ్రాడీ పేరుతో యూరాలజీ సంస్థ ఎందుకు వెలిసిందో వేరే చెప్పక్కర్లేదు.

మొదలు మాత్రం 1897లో పెట్టు. ఆసుపత్రి నడవాలో పరుగున మలుపు తిరుగుతూ యంగ్ తన పెద్ద సర్జన్ హాల్‌స్టెడ్‌ను దాదాపు గుద్దేశాడు. క్షమించమనబోతే, ‘నీకోసమే చూస్తున్నా, మూత్రవ్యాధుల విభాగం నువ్వు తీసుకో’ అన్నాడాయన. తనకేమీ తెలియదని యంగ్ అంటే, తెలియదని మాకూ తెలుసు, నేర్చుకుంటావనే అనుకున్నాం అన్నాడట. ఏడేళ్లకు, 1904 ఏప్రిల్ 7న, క్యాన్సర్ సోకిన ప్రోస్టేట్‌ను (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) మొత్తంగా తీసేసే ఆపరేషన్ యంగ్ చేస్తుంటే, పక్కన సహాయకుడిగా నిలబడింది ఆ హాల్‌స్టెడే! ఈ రెండు సంగతులూ నీ దగ్గరున్నాయి. నాలుగు పేజీల ఎడంగా పారేశావు.

ఒక జాగ్రత్త. నడవా ముచ్చట 1940లో యంగ్ తన ఆత్మకథలో చెప్పుకున్నది. అంటే దాదాపు డెబ్బై ఏళ్ల మనిషి జ్ఞాపకం. ‘ఆయన చెప్పుకున్నట్టు’ అని ఒక ముక్క తగిలించు. ‘అపర ధన్వంతరి’ని కొట్టేయ్, అది సన్మానపత్రాల్లో మాట.

తిరగరాసి పంపు. వచ్చే వారం నాకు కంటి ఆపరేషన్, ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు.