జీరో స్టేజ్ అంటే వదిలేయొచ్చా?

ఈసారి ఎక్కువ ఉత్తరాలు ఒకే సంగతి మీద వచ్చాయి: మొదట్లోనే పట్టుబడ్డ రొమ్ము క్యాన్సర్. వాటిలో కొన్నింటికి మా వైద్య బృందం జవాబులు ఇక్కడ.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గడ్డ లేదు, నొప్పి లేదు. మామోగ్రామ్‌లో ఎడమ రొమ్ములో సన్నటి తెల్ల చుక్కలు కనిపించాయి. సూది పరీక్షలో ‘డీసీఐఎస్, హై గ్రేడ్’ అని వచ్చింది. స్టేజ్ జీరో అంటున్నారు. మా ఆడపడుచు రేపే ఆపరేషన్ చేయించుకొమ్మంటుంది. మా అత్తమ్మ, సున్నా అంటే ఏం లేనట్టే కదా, కత్తి తగిలితే లేని రోగం పాకుతుంది అంటుంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇద్దరి మాటా వద్దు. డీసీఐఎస్‌లో క్యాన్సర్ కణాలు పాలనాళాల లోపలే ఉంటాయి. నాళం గోడ దాటి బయటికి రాలేదు కాబట్టే సున్నా అంటారు. వదిలేస్తే కొందరిలో కొన్నేళ్లకు గోడ దాటుతుంది. హై గ్రేడ్‌లో, అంటే కణాల రూపం బాగా మారిపోయిన రకంలో, ఆ అవకాశం ఎక్కువ. ఎవరిలో దాటుతుందో ముందే కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు, అందుకే చికిత్స చేస్తారు. కత్తి తగిలితే పాకుతుందన్నది ఉత్త భయం.

రిపోర్టులు సరిచూసుకోవడానికి రెండు మూడు వారాలు పట్టినా మీకు నష్టం లేదు. సగం రిపోర్టుతో ఆపరేషన్ టేబుల్ ఎక్కితేనే నష్టం. ముందుగా, మీకు చేసిన సూది పరీక్ష ఏదో చూడండి. ఎఫ్‌ఎన్‌ఏసీలో సన్న సూదితో విడి కణాలు మాత్రమే వస్తాయి. అవి క్యాన్సర్‌వా కాదా అని తెలుస్తుంది గానీ గోడ దాటాయా లేదా అన్నది తెలియదు. అందుకు కాస్త లావు సూదితో చిన్న ముక్క తీసే కోర్ బయాప్సీ కావాలి. రిపోర్టులో గ్రేడ్‌తో పాటు ఈఆర్ పరీక్ష (ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రకమా అని చూసేది) ఫలితం ఉండాలి. రెండో డాక్టరు అభిప్రాయానికి వెళ్తే కాగితం ఒక్కటే సరిపోదు. ల్యాబ్‌లో దాచిన మైనం దిమ్మె (బ్లాక్ అంటారు), స్లైడ్లు అడిగి తీసుకెళ్లండి.

చేతికి తగలనిదాన్ని సర్జన్ అందాజాగా కోయకూడదు. ఆపరేషన్‌కు ముందు మామోగ్రామ్ చూస్తూ చుక్కల దగ్గరికి సన్న తీగ దింపుతారు. దాని వెంట వెళ్లి తీసిన ముక్కను అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి, చుక్కలన్నీ వచ్చాయో లేదో చూస్తారు. పైవైపు ఏది, పక్కవైపు ఏది అని తెలిసేలా ముక్కకు దారాలు కట్టి ల్యాబ్‌కు పంపాలి. ఈ దారాలు మరిచిపోయే చోట్లు ఉన్నాయి. అప్పుడు అంచులో కణాలు మిగిలాయని తేలినా ఏ వైపో తెలియక చుట్టూ మళ్లీ కోయాల్సి వస్తుంది. రేడియేషన్ కూడా ఇచ్చేటట్టయితే చుట్టూ 2 మిల్లీమీటర్ల మేర క్యాన్సర్ కణాలు లేని అంచు ఉంటే చాలు. ‘తీగ పెట్టే సౌకర్యం ఉందా, ముక్కకు ఎక్స్‌రే తీస్తారా’ అని మొహమాటం లేకుండా అడగండి. లేదంటే వేరే ఆసుపత్రి చూసుకోండి.

ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్ మీకు అక్కర్లేదు. డీసీఐఎస్‌కు కీమో కూడా ఉండదు. ఒక్కటి మనసులో పెట్టుకోండి: సూదికి వచ్చింది చిన్న ముక్కే. ఆపరేషన్ తర్వాత మొత్తం పరీక్షిస్తే కొందరిలో గోడ దాటిన భాగం కనిపిస్తుంది. అప్పుడు చికిత్స మారుతుంది.

ప్రశ్న: నా భార్యకు కూడా డీసీఐఎస్. కొంత భాగం తీసి కరెంటు పెట్టడమా, రొమ్ము మొత్తం తీయడమా, మీరే చెప్పండి అన్నారు డాక్టరు. మొత్తం తీస్తే పీడ పోతుంది కదా? కరెంటుకు హైదరాబాద్ తిరగడం మా వల్ల అవుతుందా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ప్రాణం దక్కే విషయంలో రెండూ సమానమే. కొంత భాగమే తీస్తే అదే రొమ్ములో మళ్లీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. రేడియేషన్ (మీరన్న కరెంటు) దాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. చుక్కలు రొమ్మంతా పరుచుకున్నా, రెండోసారి కోసినా అంచులు శుభ్రంగా రాకపోయినా, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉన్నా మొత్తం తీయడమే మేలు. అలా తీసేటప్పుడే చంకలోని మొదటి గ్రంథులను పరీక్షించే సెంటినెల్ బయాప్సీ కూడా చేయించాలి. రొమ్ము పోయాక ఆ పరీక్షకు దారి చూపే నాళాలు ఉండవు. ఇవేవీ లేకపోతే మా ఓటు కొంత భాగం తీయడానికే. అయితే చివరి మాట ఆమెది. ఉత్తరంలో ఆమె ఏమనుకుంటోందో మీరు రాయలేదు.

ఇప్పుడు చాలామందికి రేడియేషన్ 15 సిట్టింగులు సరిపోతున్నాయి. వారానికి ఐదు చొప్పున మూడు వారాలు. రోజూ తిరిగే కన్నా అక్కడే ఉండటం నయం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ముందస్తు అనుమతి రాకుండా డబ్బు కట్టి మొదలుపెట్టకండి, తర్వాత రాబట్టుకోవడం కష్టం. ముందు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ, తోడు వచ్చేవారికి 75 శాతం. ఆసుపత్రిలో రైల్వే ఫారం మీద సంతకం చేయించుకుని కౌంటర్లో ఇవ్వాలి. ఎక్స్‌ప్రెస్ బస్సైతే మహాలక్ష్మి కింద ఆమెకు ఉచితం.

ప్రశ్న: రేడియేషన్‌లో చర్మం నల్లబడుతుంది. పసుపు, గంధం రాయొచ్చా?
– పరకాల

జవాబు: వద్దు. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు, వదులైన నూలు జాకెట్టు చాలు. చర్మంపై వేసిన గీతలు రుద్దకండి, మీ కొలతలన్నీ వాటి మీదే. నలుపు నెలల్లో తగ్గుతుంది. నీటి పొక్కులొస్తే మాత్రం ఆ రోజే చూపించండి.

ప్రశ్న: అమ్మకు 62. పన్నెండు మిల్లీమీటర్ల గడ్డ, చంకలో ఏం లేదన్నరు, స్టేజ్ వన్. ఆమెకు చెప్పలే. ఉత్త గడ్డ, తీసేస్తరు గంతే అన్నం. తెలిస్తే బెంగ పెట్టుకుంటది. కీమో పెడ్తరా?
– పెద్దపల్లి

జవాబు: మందుల చీటీ మీదా, వార్డు బోర్డు మీదా క్యాన్సర్ అని రాసి ఉంటుంది. ఆమెకు ఎలాగూ తెలుస్తుంది. మీరు చెప్పలేదన్న కోపం దానికి తోడవుతుంది. పైగా ఆపరేషన్ ఒప్పుకోలు కాగితంపై సంతకం పెట్టాల్సింది ఆమే. ‘చిన్నగా ఉండగానే దొరికింది, నయమయ్యే రకం’ అని డాక్టరు ముందే కూర్చోబెట్టి చెప్పండి, అందులో అబద్ధం లేదు. కీమో సంగతి గడ్డ సైజు ఒక్కదానితో తేలదు. ఈఆర్, పీఆర్ (హార్మోన్లతో పెరిగే రకమా అని), హెర్2 (ఆ పేరు గల ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని) మూడూ చూడాలి. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అయి గ్రంథులు శుభ్రంగా ఉంటే ఆ వయసులో చాలామందికి రోజూ వేసే, హార్మోన్‌ను అడ్డుకునే మాత్రతో సరిపోతుంది. హెర్2 పాజిటివ్ అయినా, మూడూ నెగటివ్ అయినా ఆ సైజుకే కీమో అవసరం పడొచ్చు.

ప్రశ్న: ఆపరేషన్ అయ్యి నెల. బతుకమ్మ ఆడొచ్చా? పత్తి ఏరొచ్చా?
– ములుగు

జవాబు: కుట్లు మానితే ఆడండి, చప్పట్లు కొట్టడం, వంగి లేవడం భుజానికి మంచిదే. నిండు బిందె, పత్తి మూట మాత్రం ఆరు వారాలు దాటాక, డాక్టరును అడిగి ఎత్తండి. రేడియేషన్ ఇంకా ఉంటే గోడమీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేయండి. చేయి తలపైకి ఎత్తి పడుకోలేకపోతే రేడియేషన్ మొదలుపెట్టడమే ఆలస్యమవుతుంది.

ప్రశ్న: టామాక్సిఫెన్ రాశారు. ఒళ్లంతా ఆవిర్లు. సగం మాత్ర వేసుకోవచ్చా?
– కరీంనగర్

జవాబు: మీ అంతట మీరు విరవకండి. హార్మోన్‌ను అడ్డుకునే ఈ మాత్ర మామూలుగా రోజుకు 20 మిల్లీగ్రాములు, 5 ఏళ్లు. డీసీఐఎస్‌కు 5 మిల్లీగ్రాములు 3 ఏళ్లు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. మీకు కుదురుతుందేమో మీ డాక్టరునే అడగండి. ఒకపూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, రెండు కలిపి వద్దు. దిగులుకు వాడే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ దీని పనిని తగ్గిస్తాయి కాబట్టి వాడుతుంటే చెప్పండి. గర్భం రాకుండా చూసుకోవాలి, అందుకు హార్మోన్ మాత్రలు కాకుండా కాపర్ టీ వాడాలి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే గైనకాలజిస్టును కలవండి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.