సీసం పరీక్షకు నిధులు అడిగే ముందు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే బస్తీలో పిల్లల రక్తాన్ని పరీక్షించడానికి ప్రభుత్వ నిధులకు దరఖాస్తు పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వపడ్డాను, ఆ పొగలో తిరుగుతావని దిగులూ పడ్డాను. అక్కడ తొడిగిన చెప్పులతో ఇంట్లో అడుగు పెట్టకు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు నీకు తెలిసినవే. నా భయమంతా నువ్వు చిన్నప్పటి నుంచీ చివరికి వదిలేసే లెక్కల గురించే.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న రోజుల్లో ఫ్లోరైడ్ పరిశోధనకని ఒక బృందం నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊరికి వచ్చింది. సీసాల మీద పిల్లల పేర్లు రాసి, మూత్రం, బోరు నీళ్లు పట్టుకుని వెళ్లింది. ఆ తర్వాత నేను ఆ ఊరికి ఎప్పుడు పోయినా, "సారూ, మా పిల్లగాని రిపోర్టు వచ్చిందా?" అని తల్లులు బస్సు దగ్గరే ఆపేవారు. నివేదిక పైవాళ్లకు చేరింది కానీ, ఊరికి తిరిగి రావడానికి జీపు ఖర్చు వాళ్ల ఖర్చుల పట్టికలో ఎవరూ వేయలేదు. తర్వాత ఇంకో బృందం వచ్చినప్పుడు, ఆ ఫ్లోరైడ్ నీళ్లకే నడుము వంగిపోయిన ఒక ముసలమ్మ వాకిట్లోనే నిలబడి, "నీళ్లు మావి, కాగితం మీది, మాకేముంది?" అని అడిగి తలుపు వేసుకుంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

అందుకే ఫలితాలు ఇంటింటికీ తెలుగులో రాసి ఇవ్వడానికయ్యే ఖర్చును మొదటి ఏడాదిలోనే చూపించు. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపితే గాని తర్వాతి విడత రాదు, అదీ ఆలస్యంగానే వస్తుంది. వేలి కొన నుంచి తీసిన చుక్కలో చర్మం మీది దుమ్ము కలిస్తే అంకె తప్పుగా పెరుగుతుంది కాబట్టి, ముందు సబ్బుతో చేతులు కడిగించడానికీ, ఎక్కువ వచ్చినవారికి చేతి సిర నుంచి మళ్లీ రక్తం తీయడానికీ డబ్బు వేరుగా అడుగు. డెసీలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల్లో 45, ఆపైన ఉంటే మందులతో చికిత్స అవసరం. ఆ పిల్లవాణ్ని ఎవరు చేర్చుకుంటారో ఆస్పత్రి నుంచి ముందే ఉత్తరం తీసుకో.

సీసం అందడం ఆగితే రక్తంలోనిది వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది కానీ, ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి ఉండి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంటుంది. కాబట్టి రెండో పరీక్షకూ డబ్బు అడుగు. సీసం కరిగించే ఆ కొట్టాల్లో కూలి చేసే తండ్రులు పని పోతుందని నిన్ను కసురుకుంటారు, నువ్వు ఎదురు మాట్లాడకు తల్లీ.

పంపే ముందు ఖర్చుల పేజీ నాకు చూపించు.

మీ మామయ్య